హైస్కూల్ పిల్లలకు సమాజశాస్త్రం ఎలా మొదలుపెట్టాలి: పన్నెండు పీరియడ్ల పద్ధతి

"సార్, సమాజశాస్త్రం పిల్లలకు పరిచయం చెయ్యాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల సోషల్ టీచర్లు తరచూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో సగం సగం చెప్పేకంటే వరసగా రాసిపెట్టడం మేలనిపించింది.

మన హైస్కూళ్లలో ఇది విడి సబ్జెక్టు కాదు. సోషల్ పుస్తకంలో అక్కడో ముక్క, ఇక్కడో ముక్క వస్తుంది. సీబీఎస్ఈలో కూడా పదకొండో తరగతికి గాని విడిగా రాదు. అందుకని వారానికి ఒక పీరియడ్ చొప్పున పన్నెండు పీరియడ్లు మాత్రమే దొరుకుతాయని లెక్క వేసుకున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇది సరిపోతుంది. కొన్ని తప్పులు చేశాక కుదిరిన వరస ఇది. ఆ తప్పులూ చెప్తాను.

1. ముందు సర్దుకోవాల్సినవి

పీరియడ్ల పంపకం ఇలా పెట్టుకోండి: 1 బస్సు, 2 రెండు గళ్ల నోటుబుక్కు, 3-4 ఊళ్లో పరిశీలన, 5-6 పెద్దవాళ్లతో మాటలు, 7-8 ఎచ్చుతగ్గులు, 9 సారా ఉద్యమం, 10 రొట్టెల పండుగ, 11 అంకెలు, 12 మళ్లీ ఊళ్లోకి.

కొత్త మాటలు ఐదు మించనివ్వకండి: కట్టుబాటు, పాత్ర, సామాజికీకరణ (నలుగురిలో ఎలా మెలగాలో పిల్లలు నేర్చుకోవడం), సంస్థ (ఆఫీసు కాదు, అందరూ కలిసి పాటించే స్థిరమైన ఏర్పాటు), ఎచ్చుతగ్గులు. ఆఖరి దానికి పుస్తకాల్లో సామాజిక స్తరీకరణ అని పేరు. ఆ పేరు ఎనిమిదో పీరియడ్‌లో చెప్పండి. వస్తువు తెలిశాక పేరు నోటికి తొందరగా వస్తుంది. ఈ శాస్త్రానికి పునాది వేసిన డర్క్‌హైమ్, వెబర్ పేర్లు ఇప్పుడు రాకపోయినా నష్టం లేదు.

పిల్లలు పరిశీలన చెయ్యబోయే చోటికి అదే వేళకు మీరు ఒకసారి వెళ్లి అరగంట కూర్చోండి. నేను ఒక ఏడాది ఈ పని మానేసి పిల్లల్ని నేరుగా రేషన్ షాపుకు తీసుకెళ్తే, ఆ రోజు షాపు లేదు. నలభై మందిమి తాళం చూసి వెనక్కి వచ్చాం.

అన్నిటికంటే ముఖ్యం, అడగకూడని ప్రశ్నల జాబితా. ముందే కాగితం మీద రాసుకుని నోటుబుక్కు అట్ట లోపల అంటించుకోండి: పిల్లల కులం, ఇంటి ఆదాయం, అప్పులు, నాన్న తాగుడు, అక్క పెళ్లి. పిల్లలు వాళ్లంతట వాళ్లు చెప్పినా అందరి ముందు సాగనివ్వకండి. తర్వాత విడిగా వినండి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

☐ హెచ్‌ఎం గారికి రాతపూర్వకంగా చెప్పాను
☐ బయటికి తీసుకెళ్లే రోజు తల్లిదండ్రులకు తెలియజేశాను
☐ పరిశీలన చోటు చూసొచ్చాను, అక్కడివాళ్ల అనుమతి తీసుకున్నాను
☐ అది హైవే పక్కన లేదు, నీడ ఉంది
☐ ఐదు మాటలకూ ఊళ్లోని ఉదాహరణ ఒక్కోటి నా దగ్గర ఉంది
☐ అడగకూడని ప్రశ్నలు రాసుకున్నాను

2. మొదటి పీరియడ్: నిర్వచనం వద్దు, బస్సు ఎక్కించండి

"సమాజాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేసేదే..." అని బోర్డు మీద రాశారంటే పిల్లలు దాన్ని బట్టీ పట్టి ఊరుకుంటారు. బోర్డు మీద పల్లెవెలుగు బస్సు బొమ్మ గీయండి. సీట్ల గళ్లు, డ్రైవరు సీటు, రెండు తలుపులు. ఆపైన ఈ వరసలోనే అడగండి.

మొదట: బస్సులో రాసి ఉన్న నియమాలేంటి? స్త్రీల సీట్లు, టికెట్, ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దనే మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది, అదీ రాసి ఉన్న నియమమే.

తర్వాత: ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటించేవేంటి? ఇక్కడ క్లాసు లేస్తుంది. ముసలాయన ఎక్కితే కుర్రాడు లేస్తాడు. తెలియని అమ్మాయి పక్కన సీటు ఖాళీ ఉన్నా మగవాళ్లు నిలబడే ఉంటారు. పక్కావిడ చంటిబిడ్డను అడగకుండానే మనం ఒళ్లోకి తీసుకుంటాం.

చివర: పాటించకపోతే ఏమవుతుంది? టికెట్ లేకపోతే ఫైను. ముసలాయనకు సీటివ్వకపోతే ఫైను లేదు గాని బస్సంతా ఒక చూపు చూస్తుంది. "ఆ చూపుకు భయపడి చేసేదాన్ని కట్టుబాటు అంటాం" అని అప్పుడు పేరు పెట్టండి. బస్సు దిగాక మీరేం చెప్పకపోయినా ఎవడో ఒకడు క్లాసులో ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు కూర్చున్నారని గమనిస్తాడు. గమనించకపోతే వచ్చే పీరియడ్‌కు వదిలెయ్యండి, మీరు అందించకండి.

3. రెండు గళ్ల నోటుబుక్కు

ఈ పన్నెండు పీరియడ్లలో ఒక్కటే మిగలాలంటే ఇది మిగలాలి. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క "చూసింది", కుడి పక్క "అనుకున్నది". ప్రతి వాక్యం ఏదో ఒక గడిలోకి వెళ్లాలి.

చెప్పినంత తేలిక కాదు. ఒక పాప రాసింది: "టీ అంగడి దగ్గర నలుగురు మగవాళ్లు పనీపాటా లేకుండా కూర్చున్నారు." నలుగురు కూర్చున్నారు, అది చూసింది. పనీపాటా లేకుండా అన్నది ఎక్కడ చూసింది? కుడి గడిలోకి మార్చమన్నాను. ఆ తర్వాతి వారం అడిగితే తెలిసింది. వాళ్లు రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) చూసుకుని పొద్దున దిగినవాళ్లు. ఇంటికెళ్లి పడుకునేముందు ఒక టీ. ఆ పాప కుడి గడిలో వాక్యాన్ని కొట్టేసి పక్కన తేదీ వేసింది. అలా కొట్టేసిన వాక్యాలను చెరపనివ్వకండి, మార్కులు వాటికే.

సాధన కోసం ఈ వాక్యాలు ఇచ్చి విడగొట్టమనండి:

- బ్యాంకులో ఒక అవ్వ ఫారం రాయించుకుంటోంది, చదువు రాదు. (రాయించుకోవడం చూసింది. చదువు రాకపోవడం అనుకున్నది. కళ్లద్దాలు మర్చిపోయి ఉండొచ్చు.)
- ఆయన కారులో వచ్చాడు, బాగా డబ్బున్నవాడు.
- ఆ వీధిలో పిల్లలు బడికి పోరు.

మూడోది వదలకండి. "ఎన్ని రోజులు చూశావు? ఏ వేళకు చూశావు? ఆ రోజు ఆదివారమా?" అని తరచి అడగండి.

4. ఊళ్లో నలభై నిమిషాలు

నలుగురేసి పిల్లల జట్లు. ఒకరు లెక్క పెడతారు, ఒకరు టైం చూస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు బొమ్మ గీస్తారు. ప్రతి పది నిమిషాలకు ఒకసారి: ఎంతమంది ఉన్నారు, మగా ఆడా ఎందరు, నిలబడి ఎందరు, కూర్చుని ఎందరు. అంతే. మొదటిసారి ఎవర్నీ ఏమీ అడగనివ్వకండి.

చోటు మీ ఊరిని బట్టి. కొత్తపట్నం వైపైతే చేపలు దిగే రేవు. చీమకుర్తి అయితే గ్రానైట్ క్వారీలకు వెళ్లే కూలీలు ఆగే సెంటర్, అక్కడ ఎన్ని భాషలు వినిపిస్తున్నాయో కూడా లెక్కపెట్టించొచ్చు. క్వారీ లోపలికి మాత్రం వద్దు. ఇవేవీ లేకపోతే పాలకేంద్రం. పొద్దున్నే అరగంటలో ఊరు సగం అక్కడ కనిపిస్తుంది.

ఫోటోలు వద్దు. పేర్లు రాయొద్దు. 1948లో మైసూరు ప్రాంతంలో ఒక ఊళ్లో ఉండి పరిశీలన చేసిన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ఆ ఊరి అసలు పేరు బయటపెట్టకుండా రాంపుర అని మారుపేరు పెట్టారు. ఈ సంగతి చెప్తే పిల్లలకు సరదా. వాళ్లూ టీ అంగడికి, పాలకేంద్రానికి మారుపేర్లు పెట్టేస్తారు.

నాలుగో పీరియడ్‌లో జట్ల లెక్కలు బోర్డు మీదికి ఎక్కించండి. టీ అంగడి దగ్గర నలభై నిమిషాల్లో ఆడవాళ్లు ఇద్దరే కనిపించారనుకోండి, "ఎందుకు?" అని వెంటనే అడగకండి. "ఇదే వేళకు ఆడవాళ్లు ఎక్కడ ఎక్కువ కనిపిస్తారు?" అని అడగండి. కుళాయి, పాలకేంద్రం, ఉపాధి పని. పాత్ర అనే మాట అక్కడ పుడుతుంది.

5. పెద్దవాళ్లతో మాట్లాడించడం

ఒక్క ప్రశ్న చాలు: "అవ్వా, మీ పుట్టిల్లు ఏ ఊరు? అక్కణ్ణించి ఇక్కడికి ఎలా వచ్చేవాళ్లు?" సొంత అవ్వనే అడగక్కర్లేదు, వీధిలో ఎవరినైనా సరే. దూరం, ప్రయాణ సాధనం, ఎంతసేపు పట్టేది. ఈ మూడూ రాసుకుని, తర్వాత ఒక చిన్న వయసు కోడలినీ అదే ప్రశ్న అడగాలి. రెండు తరాల దూరాలు జిల్లా మ్యాపు మీద దారాలతో చూపిస్తే, చుట్టరికాలు ఎంత మేర పరుచుకున్నాయో పిల్లలే చెప్తారు.

వెళ్లేటప్పుడు పాటించాల్సినవి:

☐ ఇద్దరిద్దరుగా వెళ్లాలి, వెలుతురు ఉండగానే
☐ "మాకు క్లాసులో పని, చెప్పడం ఇష్టం లేకపోతే పర్లేదవ్వా" అని ముందే అనాలి
☐ వయసు, పెళ్లైన వయసు అడగకూడదు
☐ చెప్పింది చదివి వినిపించి, "ఇంతేనా?" అని సరిచూసుకోవాలి

ఎక్కడైనా పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్లి జరగబోతోందని పిల్లల నోట వింటే అది ఇక పాఠం కాదు. క్లాసులో చర్చ పెట్టకండి. హెచ్‌ఎం గారికి చెప్పండి, 1098కి ఫోన్ చెయ్యండి.

6. ఎచ్చుతగ్గుల పాఠం: ఇక్కడే ఎక్కువమంది జారేది

నేనూ జారాను. మొదటి ఏడాది "వంశవృక్షం గీసి, ఒక్కొక్కరి పేరు కింద వృత్తి రాసుకురండి" అన్నాను. తరాల మధ్య వృత్తులు ఎలా మారాయో చూపిద్దామని నా ఉద్దేశం. పదిమంది తాతల దగ్గర ఖాళీ వదిలారు. ఒక పిల్లాడు తాత కింద "బిజినెస్" అని రాశాడు. పక్కవాడు అది చదివి నవ్వాడు. ఆ పిల్లాడు రెండు రోజులు బడికి రాలేదు. వాళ్లింటికి వెళ్లి, వాళ్ల నాయనతో మాట్లాడి తీసుకొచ్చాను. నేనిచ్చిన హోంవర్కు నలుగురిలో వాడి కులం అడగడమేనని నాకు అప్పుడు అర్థమైంది.

అప్పట్నించి ఊహ ఊరు వాడుతున్నాను. బోర్డు మీద గళ్ల మ్యాపు, ఒక గడి వంద మీటర్లు. చెరువు, తాగునీటి ట్యాంకు, బడి, బస్టాపు, గుడి, చర్చి, మసీదు, రేషన్ షాపు, శ్మశానం. నాలుగు వీధులు. వాటికి పేర్లు వద్దు, ఒకటి, రెండు, మూడు, నాలుగు అంతే. చీటీలు తీయించి జట్లకు వీధులు పంచండి. ఎవరు ఏ వీధో చీటీయే తేలుస్తుంది కాబట్టి ఎవరికీ నామోషీ లేదు.

లెక్కలు చేయించండి. ఒకటో వీధి నుంచి బడికి 3 గళ్లు, నాలుగో వీధి నుంచి 14 గళ్లు అనుకుంటే, రానూపోనూ రోజుకు 2,200 మీటర్ల తేడా. నీళ్ల ట్యాంకు దూరం, బస్టాపు దూరం అలాగే. వానకు ఏ వీధి మునుగుతుంది? రోడ్డు ముందు ఏ వీధికి పడి ఉంటుంది? లెక్కలన్నీ అయ్యాక ఒకే ప్రశ్న: "నాలుగో వీధివాళ్లు అక్కడే ఎందుకున్నారు? వాళ్లు ఎంచుకున్నారా?" కాసేపు నిశ్శబ్దం వస్తుంది. దాన్ని నింపడానికి తొందరపడకండి.

ఆ తర్వాత చట్టం చెప్పండి. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. బస్సు పాఠం గుర్తుచేసి, రాసి ఉన్న నియమం మారినా రాయని కట్టుబాటు వెంటనే మారిందా అని అడగండి.

పదో తరగతి అయితే, హెచ్‌ఎం గారితో మాట్లాడుకుని కారంచేడు గురించి చెప్పొచ్చు. అప్పటి ప్రకాశం జిల్లాలో, తాగే నీటి చెరువును మురికి చేస్తున్నందుకు అభ్యంతరం చెప్పడంతో మొదలైన తగాదా, 1985 జూలై 17న దళితవాడ మీద దాడిగా మారి ఆరుగురి ప్రాణాలు తీసింది. దళిత మహాసభ పుట్టింది ఆ తర్వాతే. చెప్పేటప్పుడు ఫోటోలు వద్దు, క్లాసులో ఏ పిల్లాడి వైపూ మీ చూపు ఆగొద్దు. మ్యాపులో నీటి ట్యాంకు ఎక్కడుందో అక్కణ్ణించి మొదలుపెట్టి చెప్తే పిల్లలు అందుకుంటారు.

రెండు గళ్ల పద్ధతికి ఇక్కడ ఇంకో ఉదాహరణ ఉంది. బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కొన్ని తెగల్లో పుట్టినవాళ్లందర్నీ నేరస్థులుగానే చూసింది. ఆ చట్టం కింద మన కావలిలోనూ ఆ తెగలవాళ్లను కట్టడిలో ఉంచే సెటిల్‌మెంట్ నడిచింది. 1952లో చట్టం రద్దయింది. "కుడి గడిలో ఉండాల్సిన మాటను ప్రభుత్వమే ఎడమ గడిలో రాస్తే ఏమవుతుంది?" అని అడగండి.

ఈ పాఠంలో చెయ్యకూడనివి:

- "ఇప్పుడు కులం ఎక్కడుంది?" అని తేల్చెయ్యడం. ఎదురుగా ఉన్న పిల్లల్లో కొందరికి అది రోజూ ఎదురయ్యేదే.
- యానాది పిల్లలు క్లాసులో ఉండగా ఎలుకలు, చేపలు పట్టడం గురించి "మీవాళ్లు" అంటూ ఉదాహరణ ఇవ్వడం.
- చేతులెత్తించి లెక్క తీయడం, ఏ విషయంలోనైనా సరే.
- స్కాలర్‌షిప్ జాబితా ఆ పీరియడ్‌లో చదవడం. నవ్వుకోకండి, జరిగింది.

7. సారా ఉద్యమం: ఒక ఇంటి బాధ ఊరి సమస్య ఎలా అయింది

వ్యక్తి ఇబ్బందికీ సమాజ సమస్యకూ తేడాను 1959లో సి. రైట్ మిల్స్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త బాగా చెప్పారు. దానికి అమెరికా ఉదాహరణలు మనకెందుకు, సారా ఉద్యమం మొదలైన మన నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది.

సంఘటనలను చీటీల మీద రాసి, కలిపేసి, వరస పెట్టమనండి: రాత్రి బడిలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడం, తాగుడు వల్ల చితికిన సంసారం కథను పాఠంగా చదవడం, "ఇది మా ఇంటి కథే" అని ఒకరికొకరు చెప్పుకోవడం, దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకోవడం, జిల్లా అంతా సారా వేలంపాటలను అడ్డగించడం, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు.

చాలా జట్లు సారా నిషేధం దగ్గర ఆపేసి చప్పట్లు కొడతాయి. 1997 చీటీని పక్కన పెట్టనివ్వకండి. ప్రభుత్వ ఆదాయం ఎక్కణ్ణించి వస్తుంది, నిషేధం ఉన్నప్పుడు దొంగ సరుకు ఎలా వస్తుంది అని అక్కడే మాట్లాడాలి. అసలు మలుపు ఏ చీటీ దగ్గరో అడగండి. నా ఓటు "ఇది మా ఇంటి కథే"కు. పిల్లలు వేరే చీటీ చెప్పి కారణం చూపిస్తే ఒప్పుకుంటాను.

హెచ్చరిక: తాగే తండ్రులున్న పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. "మీ ఇంట్లో?" అనే మాట నోట్లోంచి రాకూడదు.

8. రొట్టెల పండుగ

మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అంటూ మార్చుకోవడం పిల్లల్లో చాలామందికి తెలుసు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరాక వచ్చి వాళ్లూ ఇస్తారు.

కోరికలు నిజంగా తీరతాయా లేదా అన్న వాదన వస్తుంది. "అది ఈ పీరియడ్ ప్రశ్న కాదు" అని పక్కన పెట్టి ఇవి అడగండి: ముఖపరిచయం లేనివాళ్లు, వేరే మతంవాళ్లు ఒకరి చేతి రొట్టె ఒకరు ఎలా తీసుకుంటున్నారు? మిగతా రోజుల్లో అలా తీసుకుంటారా? సంస్థ అనే మాటకు ఈ ఒక్క పండుగ చాలు.

9. అంకెలతో జాగ్రత్త

పిల్లలు పన్నెండు మందిని అడిగి, తొమ్మిది మంది అవునంటే "ఊళ్లో 75 శాతం" అని రాస్తారు. "మేం అడిగిన 12 మందిలో 9 మంది" అని రాయించండి. ఎవరిని అడగలేదో కూడా ఒక వాక్యం ఉండాలి.

జనాభా లెక్కలు వాడితే హద్దులు చూసుకోండి. 2011 లెక్కల్లో నెల్లూరు జిల్లా జనాభా సుమారు 29.6 లక్షలు. అది పాత జిల్లాది. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, ప్రకాశం నుంచి చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. పాత అంకెను నేటి మ్యాపు పక్కన పెడితే తప్పు. ఊరి అంకెలు తీసుకుంటే ఈ తంటా ఉండదు.

10. మార్కులు

ఇరవై మార్కులకు: రెండు గళ్లు సరిగ్గా విడగొట్టినందుకు 8, లెక్క శుభ్రంగా ఉన్నందుకు 5, సొంతంగా ఒక ప్రశ్న లేవనెత్తినందుకు 4, మనుషులతో మర్యాదగా ఉన్నందుకు 3.

నిర్వచనాలు అడగకండి. ఇలా అడగండి: "మీ స్కూల్లో రాయని కట్టుబాటు ఒకటి చెప్పండి. అది తప్పినవాళ్లకు ఏమవుతుంది?"

11. ఎదురయ్యే చిక్కులు

*సిలబస్ పూర్తి కాదని హెచ్‌ఎం అంటే:* అంకెల పీరియడ్‌ను జనాభా పాఠంతో, ఎచ్చుతగ్గులను హక్కుల పాఠంతో కలిపి చూపించండి. రెండు పీరియడ్లు అక్కడే ఆదా.

*ఆడపిల్లలు నోరు విప్పకపోతే:* చెప్పమనకండి, రాయమనండి. పేరు లేని చీటీలు డబ్బాలో వేయించి మీరు చదవండి. చేతిరాత గుర్తుపట్టేవాళ్లుంటారు, కాబట్టి చీటీ పిల్లల చేతికి ఇవ్వొద్దు.

*అరవై మంది ఉంటే:* సగం మంది పరిశీలనకు, సగం మంది బోర్డు మ్యాపుకు. వచ్చే వారం తారుమారు.

*"మా పిల్లోడికి ఇవన్నీ ఎందుకు సార్?" అని తండ్రి వస్తే:* నోటుబుక్కు చేతికివ్వండి. ఎక్కువమంది అక్కడే నిలబడి రెండు పేజీలు చదువుతారు.

12. చివరి పీరియడ్: లెక్క అప్పజెప్పడం

పిల్లలు గీసిన చార్టును పరిశీలించిన చోటికే తీసుకెళ్లి అక్కడివాళ్లకు చూపించండి. తప్పులుంటే వాళ్లే పట్టుకుంటారు. పోయినేడాది మా పిల్లలు టీ అంగడి చార్టు మీద "మంగళవారం జనం రెట్టింపు" అని ఎర్ర సిరాతో రాసి, కుడి గడిలో "ఆ రోజు టీ తక్కువ ధర కావచ్చు" అని పెట్టారు. అంగడాయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు.

"తక్కువ ధరా? నేనేం పిచ్చోణ్ణా! మంగళవారం మనూరి సంత గదరా" అన్నాడు. లెక్క రాసిన పిల్ల చార్టును గోడకు ఆనించి, ఆ వాక్యం మీద గీత కొట్టి, పక్కన తేదీ వేసింది.